టైఫాయిడ్ తగ్గాక అన్నపూర్ణ సర్క్యూట్‌కి మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడి నుంచి నడవాలి?

తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. నువ్వడిగింది మిగతావాళ్ళకి కూడా తెలియాలి కాబట్టి ముందు దాన్ని ఒకసారి చెప్పేస్తాను. మార్చి ఆఖర్లో నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే ఈ సర్క్యూట్ దారిలో బేసిసహర్ నుంచి నడక మొదలుపెట్టావు. చామే దగ్గర జ్వరం తగిలింది. ఎత్తు వల్లేమో అనుకుని పారాసిటమాల్ వేసుకుంటూ మనాంగ్ దాకా ఈడ్చుకుంటూ వెళ్ళావు, అక్కణ్ణుంచి జీపులో దిగి బెంగళూరు వచ్చి ఆసుపత్రిలో చేరితే టైఫాయిడ్ అన్నారు. పద్నాలుగు రోజులు యాంటీబయాటిక్స్. ఆరు కిలోలు తగ్గావు. జ్వరం పోయి మూడున్నర వారాలైంది. ఇప్పుడు మే మూడో వారంలో పది రోజులు సెలవు దొరికింది కాబట్టి, ఖాట్మండు, అక్కణ్ణుంచి జీపులో నేరుగా మనాంగ్, రెండు రాత్రులు ఉండి థొరాంగ్ లా కనుమ దాటేసి ముక్తినాథ్‌లో దిగిపోతే ఆగిన చోటి నుంచి కలిపినట్టూ ఉంటుంది, అమ్మ మొక్కూ తీరుతుంది అంటున్నావు. ఈ ప్లాన్ బాగుందా అని ప్రశ్న.

బాగాలేదు. అక్టోబర్‌లో వెళ్ళు, చామే కంటే కిందున్న ధారాపాణిలో జీపు దిగి అక్కడి నుంచి నడువు. ఆఫీసుకి టైమైపోతుంటే ఇంతవరకు చదివి వెళ్ళిపో. కారణాలు కావాలంటే కిందంతా చదువు, కొంచెం పొడుగే, ఎందుకంటే నువ్వు చేద్దామనుకుంటున్న పని నేను అచ్చంగా చేసి వచ్చినవాణ్ణి.

2017 అక్టోబర్‌లో అదే దారిలో అప్పర్ పిసాంగ్‌లో నాకు దగ్గు పట్టుకుంది, రెండు రోజులకి మెట్టు ఎక్కితే ఆయాసం. దిగొచ్చి ఇక్కడ మారతహళ్లిలో ఎక్స్‌రే తీయిస్తే నిమోనియా. నెల తిరిగేసరికి అంతా మామూలే, ఆఫీసుకి వెళ్తున్నా, మూడంతస్తులు లిఫ్ట్ లేకుండా ఎక్కుతున్నా, ఇంకేం కావాలి అనుకున్నా. డిసెంబర్ మొదటి వారంలో మళ్ళీ బయల్దేరాను. సరిగ్గా నీ ప్లానే. బేసిసహర్‌లో తెల్లారి జీపెక్కి చీకటి పడేసరికి మనాంగ్. సుమారు 800 మీటర్ల ఎత్తు నుంచి 3,500 దాటి, ఒక్క పగటిలో. అక్కడ రెండు రాత్రులు పడుకుని, మూడో రోజు యాక్ ఖర్క, నాలుగో రోజు కనుమ కిందున్న థొరాంగ్ ఫేది. దారిలో అందరికంటే నేనే ముందు. ఆ గర్వం రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంది.

తొమ్మిదిన్నరకి తలనొప్పి మొదలైంది. వెల్లుల్లి సూప్ తాగాను, అక్కడ ప్రతివాళ్ళూ దాన్నే తాగమంటారు, తాగితే నోరు వెచ్చబడుతుంది తప్ప ఎత్తుకి అది మందు కాదు. పదకొండుకి వాంతి. గైడ్ కుర్రాడు వేలికి ఆక్సిమీటర్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 66 శాతం చూపించింది. దానికి కూడా నేను పెద్దగా భయపడలేదు, వేళ్ళు చల్లగా ఉంటే తప్పు చూపిస్తుందిలే అని వాదించాను. కానీ బయటికి వెళ్దామని బూట్లు వేసుకుంటుంటే లేసులు ముడి వేయడం రాలేదు. వేళ్ళు తిమ్మిరెక్కి కాదు. ముడి ఎలా వేస్తారో గుర్తు రాలేదు. రెండు కొసలూ చెరో చేత్తో పట్టుకుని వాటివంక చూస్తూ కూర్చున్నాను. ఆ కుర్రాడు అది చూశాడు. ఇంకో మాట లేకుండా నా లేసులు తనే కట్టి, నా బ్యాగు తను వేసుకుని, రాత్రి ఒంటిగంటకి హెడ్‌ల్యాంప్ వెలుగులో నన్ను లెత్తార్ దాకా దింపాడు. ఎత్తులో మనిషి తడబడుతున్నాడన్నా, మామూలు పనులు మర్చిపోతున్నాడన్నా మెదడు వాస్తోందేమోనని అనుమానించి తెల్లవారేదాకా ఆగకుండా దింపేయాలి. ఆ సంగతి నాకు పుస్తకాల్లో తెలుసు, నా బూటు దగ్గరికి వచ్చేసరికి తెలియలేదు. దిగితే చాలు, తెల్లారేసరికి టీ అడిగి తాగాను.

అంటే ఒకే దారిలో రెండోసారి వెనక్కి. అందుకే చెప్తున్నా, ఆగిన చోటు అనేది మ్యాప్ మీద ఉంటుంది, ఒంట్లో ఉండదు. ఎత్తుకి నీ శరీరం చేసుకున్న సర్దుబాటంతా కిందికొచ్చిన ఒకటి రెండు వారాల్లో చాలావరకు పోతుంది. బెంగళూరు 900 మీటర్లకి పైన ఉందిగా, చెన్నై వాళ్ళకంటే మనకి నయం కదా అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, దానివల్ల మన ఊళ్ళో మే నెల భరించగలుగుతాం, అంతే, 5,416 మీటర్ల కనుమ దగ్గర అది లెక్కలోకి రాదు. అక్కడ గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. మార్చిలో చామే నుంచి మనాంగ్ దాకా నువ్వు నడిచి సంపాదించుకున్నది ఇప్పుడు సున్నా. పైగా అప్పుడు జ్వరంతో నడిచావు కాబట్టి ఎంత సంపాదించావో కూడా అనుమానమే.

ఇక్కడే ఇంకో మాట. జ్వరాన్ని ఎత్తు ఖాతాలో వేశావు చూడు, అది చాలామంది చేసే పనే. తలనొప్పి, ఆకలి లేకపోవడం, నీరసం, రెండింట్లోనూ ఉంటాయి. కానీ మామూలు ఎత్తు జబ్బులో జ్వరం ఉండదు. థర్మామీటర్ 101 చూపించిందంటే అది వేరే కథ, దాని సంగతి తేలేదాకా పైకి అడుగు వేయకూడదు. పది గ్రాముల థర్మామీటర్ మోయడానికి బద్ధకించి మూడు వేల రూపాయల జాకెట్ మోస్తాం మనం.

సరే, ఇప్పుడు నీ జబ్బు సంగతి. నేను డాక్టర్‌ని కాదు, నీకు వైద్యం చేసినాయన్ని అడిగే ప్రశ్నలు మాత్రం ఇస్తాను. టైఫాయిడ్ కొందరిలో తిరగబెడుతుంది, సాధారణంగా తగ్గిన రెండు మూడు వారాల్లోపే. నువ్వు ఆ గడువు ఇప్పుడిప్పుడే దాటుతున్నావు. ఇది పేగుల్ని పుండు చేసే జబ్బు, కాబట్టి పొట్టలో నొప్పి, నల్లటి విరేచనం లాంటివి ఏమాత్రం ఉన్నా నడక మాట పక్కన పెట్టి ముందు ఆయన దగ్గరికి వెళ్ళు. అరుదుగా గుండె కండరానికి కూడా వాపు వస్తుంది. మెట్లెక్కుతుంటే గుండె దడ, ఛాతీలో పట్టేసినట్టుండడం, కళ్ళు తిరగడం, వీటిలో ఏదైనా ఉంటే ఈసీజీ తీయకుండా ట్రైనింగ్ మొదలుపెట్టొద్దు. గుండె వాపు అని తేలితే మూడు నుంచి ఆరు నెలలు గట్టి వ్యాయామం మానమంటారు, దాంట్లో బేరాలుండవు. రక్తకణాల లెక్క చూపే సీబీసీ పరీక్ష చేయించుకో, హిమోగ్లోబిన్ చూడు. రక్తం తక్కువగా ఉంటే ఎత్తులో ఉన్న ఆ కాస్త ఆక్సిజన్‌ని మోసే కూలీలు తక్కువైనట్టే.

టైఫాయిడ్‌కి చేసే విడాల్ రక్తపరీక్ష ఇంకా పాజిటివ్ వస్తోంది అని రాశావు, టెన్షన్ పడుతున్నట్టున్నావు. ఆ పరీక్ష 1896 నాటిది, మన దేశంలో వీధి చివర ల్యాబ్‌లో కూడా చేసేస్తారు. జబ్బు పోయాక కూడా నెలల తరబడి పాజిటివ్ చూపించగలదు, తగ్గిందా లేదా అన్నది దాంతో తేలదు. మళ్ళీ మళ్ళీ చేయించుకుని డబ్బు తగలేయకు. ఒకసారి వచ్చింది కాబట్టి మళ్ళీ రాదులే అనుకోవడం కూడా తప్పు. మన హైదరాబాద్‌లో తయారయ్యే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఉంది, 2022లో నేపాల్ తన పిల్లల టీకాల పథకంలోకి తీసుకున్నది దాన్నే. నువ్వు ఎప్పుడు వేయించుకోవచ్చో డాక్టర్‌ని అడుగు.

ఆరు కిలోల సంగతికి వద్దాం. అది ఊరికే పొట్ట తగ్గడం కాదు, అందులో కండ కూడా పోయి ఉంటుంది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఇరవయ్యేళ్ళ ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళని మూడు వారాలు మంచం మీద పడుకోబెట్టి ముందూ వెనకా కొలిచారు. ఒళ్ళు ఆక్సిజన్‌ని వాడుకోగలిగే గరిష్ఠ శక్తి పావు వంతుకి పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షిస్తే, ముప్పై ఏళ్ళ వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. వాళ్ళకి జబ్బు కూడా లేదు, ఊరికే పడుకున్నారంతే. నీకు జ్వరం, పస్తులు, మంచం మూడూ కలిశాయి. మంచి కబురు కూడా అందులోనే ఉంది, మంచం దిగాక రెండు నెలలు శ్రద్ధగా శిక్షణ ఇస్తే అందరూ మళ్ళీ పైకి వచ్చారు. నీకు మే నుంచి అక్టోబర్ దాకా ఐదు నెలలున్నాయి.

అమ్మ ఇంకా పథ్యం పెడుతోంది అన్నావు కదా. జావ, ఇడ్లీ, బ్రెడ్డు, పెరుగన్నం. జ్వరంలో సరే, ఇప్పుడు కూడా అదే తింటూ మెట్లెక్కితే కండ రాదు. పప్పు, గుడ్డు, చేపలు, రాగిసంకటి మెల్లగా తెప్పించుకో. బెంగళూరులో ముద్దకి కొదవేముంది. కారం, పచ్చళ్ళు ఇంకొన్నాళ్ళు ఆగాలి, గుంటూరు వాడివి, కష్టమే. అమ్మతో నువ్వు వాదించొద్దు, డాక్టర్ చేత చీటీ మీద రాయించి చూపించు. మా ఇంట్లో పనిచేసింది అదే.

నడక ఎలా మొదలుపెట్టాలంటే, మొదటి రెండు మూడు వారాలు చదును నేల. కబ్బన్ పార్క్ గానీ లాల్‌బాగ్ గానీ, అరగంట, బ్యాగు లేకుండా, పక్కవాడితో మాట్లాడగలిగే వేగంతో. మాట తెగుతుంటే వేగం తగ్గించు. నీకిష్టమైన ఆ యాప్ చెప్పే స్కోర్లు పక్కన పెట్టి, పొద్దున లేవగానే మంచం మీదే నిమిషం పాటు నాడి లెక్కపెట్టుకుని క్యాలెండర్ మీద రాసుకో. మామూలుగా 64 ఉండేవాడికి ఒకరోజు 75 వచ్చిందంటే నిన్నటిది ఎక్కువైందని, ఆరోజు సెలవు. జబ్బు నుంచి లేచినవాడికి అసలు చిక్కు నడిచిన రోజు తెలియదు, మర్నాడు తెలుస్తుంది. ఒక మంచి ఆదివారం చూసుకుని ఒళ్ళు తేలిగ్గా ఉందని పన్నెండు కిలోమీటర్లు కొట్టేస్తావు, సోమ మంగళవారాలు మంచం. అలా రెండుసార్లు జరిగితే నెల పోయినట్టే. కాబట్టి ఇంకా నడవగలను అనిపిస్తున్నప్పుడే ఇంటికి రా.

తర్వాత మెట్లు. నీ అపార్ట్‌మెంట్ పద్నాలుగు అంతస్తులన్నావు, అంతకంటే మంచి జిమ్ లేదు. ఎక్కడం కంటే దిగడం మీద ఎక్కువ దృష్టి పెట్టు, లిఫ్ట్‌లో ఎక్కి మెట్ల మీద దిగినా తప్పులేదు. థొరాంగ్ లా నుంచి ముక్తినాథ్‌కి ఒకే పూటలో 1,600 మీటర్లు దిగాలి, ఊపిరి సరిపోయినవాళ్ళ మోకాళ్ళు కూడా అక్కడ ఏడుస్తాయి. గుండె, ఊపిరి తొందరగా దారికొస్తాయి, కండ కొంచెం ఆలస్యంగా, కండరాల్ని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులూ కీళ్ళూ అన్నిటికంటే ఆలస్యంగా. ఊపిరి బాగుంది కదా అని బరువు పెంచేసి మడమ నొప్పి తెచ్చుకున్నవాళ్ళు నాకు అరడజను మంది తెలుసు. బ్యాగులో ముందు రెండు లీటర్ల నీళ్ళ సీసాలు, రెండు వారాలకొకసారి ఇంకో సీసా.

జులై నుంచి తురహళ్లి, ఆ తర్వాత నంది కొండ కింద నుంచి మెట్లదారి, ఆగస్టులో శివగంగ లేదా స్కందగిరి. అటవీశాఖ చేతిలో ఉన్న దారులకి ముందే ఆన్‌లైన్ బుకింగ్ కావాలి, చూసుకుని వెళ్ళు. కుమార పర్వతం వానల్లో జోలికి పోకు, జారుడూ జలగలూ. సావనదుర్గ నున్నటి రాయి, తడిగా ఉంటే అసలే వద్దు.

సెప్టెంబర్లో అసలు పరీక్ష నీకు తెలిసిన చోటే ఉంది. అలిపిరి. మూడున్నర వేల మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల చిల్లర. మన తెలుగువాళ్ళకి దేవుడిచ్చిన ట్రెడ్‌మిల్ అది. శనివారం తెల్లవారుజామున ఎక్కి దర్శనం చేసుకో, కానీ అందరిలా బస్సెక్కి దిగిపోకు, ఆదివారం నడిచే దిగు. గాలిగోపురం దాకా ఆగకుండా ఎక్కాలనే పంతం వద్దు. మోకాళ్ళ పర్వతం దగ్గర నీ మాట తెగుతోందా లేదా చూసుకో, ఆదివారం దిగాక సోమవారం పొద్దున నాడి చూసుకో. సోమవారం నాడి మామూలుగా ఉండి, ఆఫీసులో కుర్చీలోంచి లేవడానికి టేబుల్ పట్టుకోనక్కర్లేకపోతే అప్పుడు ఖాట్మండు టికెట్ బుక్ చెయ్యి. దానికంటే ముందు కాదు. టికెట్ ముందు కొంటే ఒంటికి అబద్ధాలు చెప్పడం మొదలుపెడతాం, నేను డిసెంబర్లో చేసింది అదే.

ఇక దారి. ధారాపాణి 1,900 మీటర్లు, అక్కడ ఒక రాత్రి. చామేలో ఒకటి. అప్పర్ పిసాంగ్‌లో రెండు. మనాంగ్‌లో మూడు, మధ్యలో పగలు పైకెక్కి రాత్రికి కిందికొచ్చి పడుకోవాలి. సీజన్‌లో మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ క్లినిక్ ఉంటుంది, మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బు మీద మాట్లాడతారు, తప్పకుండా కూర్చో, నీ జబ్బు చరిత్ర చెప్పి సలహా అడుగు. ఆ తర్వాత యాక్ ఖర్క, ఫేది, కనుమ. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలి అన్న లెక్క మీద వేసిందే ఇది. ఇవన్నీ నువ్వు మార్చిలో చూసిన ఊళ్ళేగా, మళ్ళీ ఎందుకు అనిపిస్తుంది. జ్వరంతో చూశావు, పిసాంగ్ నుంచి అన్నపూర్ణ-2 శిఖరం ఎలా కనిపిస్తుందో నీకు గుర్తుందా అసలు? ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయమాక్స్ మాత్ర గురించి డాక్టర్‌ని అడుగు, మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు అంటారు, సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే చెప్పాలి. అది రాత్రుల లెక్కకి బదులు కాదు.

మొత్తం మీద పదహారు రోజులు కావాలి, అందులో రెండు ఖాళీ రోజులు. దసరా సెలవులు కలుపుకో, కాకపోతే నేపాల్‌లో దశైం కూడా అప్పుడే, గైడ్లు ఇళ్ళకి వెళ్తారు, జీపుల్లో చోటు దొరకదు, ముందే మాట్లాడుకో. ఆ ఖాళీ రోజులు ఎందుకంటే, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని కొట్టింది గుర్తుందిగా. అదే తుపాను మిగులు రెండు రోజుల తర్వాత థొరాంగ్ లా మీద మంచై కురిసింది. ఆ చుట్టుపక్కల 40 మందికి పైగా పోయారు. మా పెద్దమ్మ వాళ్ళింటి కొబ్బరిచెట్లు కూల్చిన గాలే అక్కడ మనుషుల్ని పాతేసింది. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వస్తే మనాంగ్‌లో కూర్చుని పేకాడుకో.

తిండి విషయంలో ఎక్కువ చెప్పను, నీకు టైఫాయిడ్ నేర్పింది నేను నేర్పలేను. మరిగించిన నీళ్ళు లేదా క్లోరిన్ బిళ్ళలు, వేడి వేడి దాల్ భాత్, పచ్చి సలాడ్ వద్దు. మనాంగ్ ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీలకే మరుగుతాయి కదా, క్రిములు చస్తాయా అని ఒకాయన నన్ను అడిగాడు. చస్తాయి, బుడగలొచ్చాక కొద్దిసేపు మరగనిస్తే చాలు. ఇన్సూరెన్స్ పాలసీలో ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో చిన్న అక్షరాల్లో చదువు, ఈ టైఫాయిడ్ సంగతి దాచకు. పాత పర్మిట్ పనికిరాదు, ఒక్కసారి ప్రవేశానికే ఇస్తారు, మళ్ళీ తీసుకోవాలి.

అమ్మ మొక్కు గురించి. ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటి, గుడి వెనక 108 ధారల కింద స్నానం చేయాలని ఆవిడ కోరిక అన్నావు. కనుమ దిగిన రోజే, ఒళ్ళు అలిసిపోయి చెమటతో ఉన్నప్పుడు ఆ మంచునీళ్ళ కింద దూరకు. ఆ రాత్రి ఊళ్ళో పడుకుని, మర్నాడు ఎండొచ్చాక వెళ్ళు. నూట ఎనిమిదీ అక్కర్లేదు, నేను 2018 అక్టోబర్లో మూడోసారికి చేరినప్పుడు చేతులు చాచి ఒక్కో ధార కిందా తలమీద చిలకరించుకుంటూ పోయాను, పూజారి ఏమీ అనలేదు.

మే టికెట్ ఇవాళే క్యాన్సిల్ చెయ్యి, ఎంతో కొంత తిరిగొస్తుంది. ఆదివారం పొద్దున ఆరున్నరకి నేను లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండ దగ్గర ఉంటాను, రా. మొదటి రోజు బండ ఎక్కం, దాని చుట్టూ తిరుగుతాం.